నల్లగొండ రియల్ మాడ్రిడ్ తమ్ముళ్లకు ఒక అట్లెటికో అన్న బహిరంగ లేఖ

తమ్ముళ్లూ,

ఒకే మాడ్రిడ్ నగరంలోని రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మీది రియల్, మాది అట్లెటికో. మేమంటే మీకెందుకు పడదన్నా అని అడుగుతారు. జవాబు కోసం మాత్రం ఆగరు. "కుళ్లు అన్నా, ఇంకేముంటది" అని మీరే తేల్చేసి బండి స్టార్ట్ చేస్తారు. అందుకే నోటితో చెప్పడం మానేసి ఇలా రాస్తున్నాను. రాసేటప్పుడైతే మధ్యలో అడ్డు తగిలేవాళ్లుండరు.

కుళ్లు లేదని నేననను. 2024లో వెంబ్లీలో డార్ట్‌మండ్‌ను ఓడించి మీ క్లబ్బు 15వ యూరోపియన్ కప్పు (ఇప్పుడు చాంపియన్స్ లీగ్, యూసీఎల్ అంటున్నది అదే) ఎత్తింది. అప్పటికే స్పెయిన్ లీగ్ టైటిళ్లు 36. మా అట్లెటికో మాడ్రిడ్‌కు లీగ్ టైటిళ్లు 11, యూరోపియన్ కప్పు ఒక్కటీ లేదు. మూడుసార్లు ఫైనల్ దాకా పోయాం, మూడుసార్లూ చేతికందినట్టే అంది జారిపోయింది. ఇది చూసి కడుపు మండకపోతే ఆ మనిషిని డాక్టరుకు చూపించాలి. కానీ సంగతి కుళ్లు ఒక్కటే అయితే బయర్న్ మ్యూనిక్ వాళ్లను చూసినా ఇంతే మండాలి కదా. 1974లో మా మొదటి ఫైనల్లో, అదనపు సమయం కూడా అయిపోతుండగా, ష్వార్జెన్‌బెక్ దూరం నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు. రెండు రోజులకు మళ్లీ ఆడిస్తే 4-0తో ఓడాం. ఆ బయర్న్‌కూ బీరువా నిండా కప్పులే. మన ఊళ్లో బయర్న్ అభిమానులు ఒకరిద్దరున్నారు. వాళ్లతో నాకే పేచీ లేదు. అందులో ఒకతను రంజాన్‌కు ఇంటికి షీర్ ఖుర్మా పంపిస్తాడు కూడా.

కాబట్టి మీ కప్పుల మీద కాదు నా గొడవ. ఆ కప్పులతో మీరు చేసే పని మీద.

ముందు ఒకటి ఒప్పుకుందాం. మాడ్రిడ్‌లో మీకూ చుట్టాల్లేరు, నాకూ లేరు. మీలో చాలామంది రొనాల్డో వెంట వచ్చారు. నేను కోల్‌కతా మీదుగా వచ్చాను. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పుడు అట్లెటికో డి కోల్‌కతా అని ఒక జట్టుండేది, మాడ్రిడ్ క్లబ్బుకు అందులో వాటా. ఆ ఏడాది డిసెంబరులో ఫైనల్ చివరి నిమిషాల్లో మొహమ్మద్ రఫీక్ తలతో కొట్టిన గోల్‌తో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి మొదటి కప్పు వాళ్లే కొట్టారు. ఆ ఎరుపు తెలుపు చారల చొక్కా అసలు ఎక్కడిదా అని వెతుక్కుంటూ పోయి కోచ్ సిమియోనే జట్టు, మాడ్రిడ్ అట్లెటికో దగ్గర ఆగిపోయాను. మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఎవరు ఏ దారిన వచ్చారన్నది పెద్ద సంగతి కాదు. 2018 నుంచి 2021 దాకా స్పెయిన్ లీగ్ లా లిగాను మన దేశంలో ఫేస్‌బుక్‌లో ఉచితంగా చూపించారు. డిష్ రీచార్జికి ఇంట్లో డబ్బులడగలేని ఇంటర్ పిల్లలు కూడా ఫోన్లో స్పెయిన్ ఆట చూశారు. మంచిదే.

అయితే 2018లో రొనాల్డో జువెంటస్‌కు పోగానే మీలో సగం మంది నలుపు తెలుపు చారలు తొడిగారు. 2021లో అతను మాంచెస్టర్ యునైటెడ్‌కు తిరిగొస్తే ఎరుపు. రియల్ మళ్లీ కప్పులు కొట్టడం, 2024లో ఎంబాపె రావడంతో ఇప్పుడు తెలుపు. ఎన్నికల ఫలితాలొచ్చిన వారానికే గెలిచిన పార్టీ ఆఫీసు ముందు కండువా కోసం నిలబడే లీడర్లను చూసి నవ్వేది మీరే కదా. వాళ్లన్నా "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అని ఒక కారణం చెప్తారు. సరే, కండువా మార్చినా నాకు నష్టం లేదు. మార్చిన మర్నాటి నుంచే, ఏళ్ల తరబడి ఒకటే జెండా మోస్తున్నవాడికి ఆట గురించి పాఠాలు మొదలుపెడతారు చూడండి, అక్కడ మండుతుంది.

2025 మార్చి 13 తెల్లవారుజాము సంగతి చెప్తాను, మీకు గుర్తుందో లేదో. రామగిరిలో మా మిత్రుడి ఇంటి పైగదిలో గోడ మీదికి ప్రొజెక్టర్ వేసుకుని కూర్చున్నాం. ఇంటర్ పరీక్షలు నడుస్తున్నాయి, కింది పోర్షన్‌లో ఒకమ్మాయి చదువుకుంటోంది కాబట్టి సౌండు బంద్. ఒంటిగంటన్నరకు మీకూ మాకూ చాంపియన్స్ లీగ్ రెండో మ్యాచ్. మీ గ్రౌండులో మేం 2-1తో ఓడి వచ్చాం, ఇది మా గ్రౌండులో. నిమిషం కూడా నిండకముందే మా గల్లాఘర్ గోల్ కొట్టాడు, రెండు మ్యాచ్‌లూ కలిపి సమం. అరవకూడదు కాబట్టి నోట్లో టవల్ కుక్కుకున్నాం. రెండో సగంలో మీ వినీసియస్ పెనాల్టీని ఆకాశంలోకి కొట్టాడు. అదనపు సమయం కూడా గడిచి పెనాల్టీలకు వచ్చేసరికి నాలుగు దాటింది. రంజాన్ నెల. సహర్ కోసం ఇళ్లకు పోవాల్సిన ఇద్దరు మిత్రులు ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి, గిన్నెలు పైకే తెప్పించుకున్నారు.

మావాడు జూలియన్ అల్వారెజ్ రెండో పెనాల్టీ కొట్టాడు. కొట్టేటప్పుడు కాలు జారింది, బంతి మాత్రం నెట్‌లో పడింది. 2-2 అనుకున్నాం. తర్వాత చూస్తే తెర మీద మాకు ఒకటే ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సౌండు లేదు కాబట్టి కామెంటరీ కూడా లేదు. ఎడమ కాలు ముందు బంతికి తగిలిందని, రెండుసార్లు తాకినట్టయిందని వీఏఆర్ (వీడియో రిఫరీ) చెప్పిందట. ఆ తర్వాత మీ వాస్కెజ్ కొట్టింది మా గోల్‌కీపర్ ఓబ్లాక్ ఆపాడు, ప్రాణం లేచొచ్చింది. మా లోరెంటె కొట్టింది బారుకు తగిలి వెనక్కొచ్చింది. చివరికి రూడిగర్ కొట్టిన బంతికి ఓబ్లాక్ చెయ్యి తగిలింది కూడా, అయినా లోపలికి పోయింది.

అప్పుడు ఫోన్లు మోగడం మొదలైంది. ఆట గురించి ఒక్క మాట లేదు. అల్వారెజ్ పెనాల్టీ గురించి, వినీసియస్ మిస్ గురించి, గల్లాఘర్ గోల్ గురించి ఏమీ లేదు. పది నంబర్ల నుంచి ఒకటే మెసేజ్: 15. పక్కన కూర్చున్న మిత్రుడు నా ముందుకు ఖిచిడీ పళ్లెం తోసి, "తిను భాయ్, కడుపు నిండితే కొంచెం తగ్గుతది" అన్నాడు. అతనూ రియల్ మాడ్రిడ్ వాడే. ఆ గదిలో మీ వైపు నుంచి వచ్చి కూర్చున్నది అతనొక్కడే.

మర్నాడు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ వీడియో చూపించి, తాకడం స్వల్పమే అయినా తాకిందని చెప్పింది. అప్పటి నిబంధన ప్రకారం రిఫరీ తప్పు చేయలేదు, నేను వాదించను. కానీ జూన్‌లో నిబంధనలు రాసే ఐఎఫ్ఏబీ, అనుకోకుండా రెండు కాళ్లూ తగిలి బంతి గోల్‌లోకి పోతే ఆ పెనాల్టీ మళ్లీ కొట్టించాలని స్పష్టం చేసింది. అంటే అలాంటి పెనాల్టీని రద్దు చేసి ఊరుకోవడం అన్యాయమని వాళ్లకే అనిపించింది. ఈ మాట మీకు చెప్తే ఏమన్నారు? "అయినా 15 కదన్నా."

సెప్టెంబరు 27న మా గ్రౌండులో మీకు 5-2 పడింది. అల్వారెజే రెండు కొట్టాడు, అందులో ఒకటి పెనాల్టీ. ఈసారి కాలు జారలేదు. బయట వీధిలో బతుకమ్మ ఆడుతున్నారు కాబట్టి ఆ రోజు ఎంత అరిచినా ఎవరూ పట్టించుకోలేదు. మా వాళ్లు మీకు 5-2 అని పంపారు, దాచను. దానికి మీ జవాబు: "లీగ్ మ్యాచే కదన్నా. యూసీఎల్ ఎన్ని మీకు?" ఆ అంకెను ప్రతి మాట నోటి మీదా మూతలా బోర్లిస్తారు. ఇక మాట్లాడటానికేముంటుంది?

మీకు తెలియని సంగతేమిటంటే, ఆ అంకె మీ ఆనందాన్నీ తినేస్తోంది. 2022 మే 4న మాంచెస్టర్ సిటీ మీద సెమీఫైనల్. 90వ నిమిషం వచ్చేసరికి మీకు రెండు గోల్స్ కావాలి. రోడ్రిగో నిమిషం తేడాలో రెండూ కొట్టాడు. తర్వాత బెంజెమా పెనాల్టీ. ఫుట్‌బాల్ చూసేవాడికి జీవితంలో ఒకటో రెండో దొరికే రాత్రి అది. మీరంటే పడని నేను కూడా ఆ రోజు మంచం మీద లేచి నిలబడ్డాను. ఆ మ్యాచ్ గురించి చెప్పమని మీలో ఒకతన్ని అడిగితే "అది 14వ కప్పన్నా" అన్నాడు. అంతే. అలాంటి ఆట మాకు దక్కి ఉంటే బారసాలకూ పెళ్లికీ కూడా అదే చెప్పుకునేవాళ్లం.

ఈ జబ్బు మీతో మొదలైంది కాదు, స్పెయిన్‌లో మీ పెద్దలకే ఉంది. 2011లో మీ బెర్నబ్యూ స్టేడియంలో రియల్ అభిమానులు ఒక బ్యానర్ కట్టారు: మంచి డెర్బీ (ఒకే ఊరి జట్ల మ్యాచ్) ఆడటానికి తగిన ప్రత్యర్థి కావలెను. పెళ్లి ప్రకటనలా ఉంది కదా. నిజానికి బాగానే రాశారు, నాకూ నవ్వొచ్చింది. అప్పటికి 1999 నుంచి మేం మిమ్మల్ని ఒక్క డెర్బీలోనూ ఓడించలేదు. 2013 మే 17న అదే బెర్నబ్యూలో స్పెయిన్ నాకౌట్ కప్పు కోపా డెల్ రే ఫైనల్ జరిగింది. అదనపు సమయంలో మిరాండా తలతో కొట్టిన గోల్‌తో 2-1, కప్పు మాకు. బ్యానర్ కట్టినవాళ్లు ఆ రాత్రి దాన్ని ఎక్కడ దాచుకున్నారో మరి. మాడ్రిడ్‌లో మీరు పండగ చేసుకునే సిబెలెస్ ఫౌంటెన్‌కూ, మేం చేసుకునే నెప్ట్యూన్ ఫౌంటెన్‌కూ మధ్య నడిచి పోయేంత దూరమే. ఆ రాత్రి జనం పోయింది నెప్ట్యూన్ వైపు.

2017 సెమీఫైనల్లో బెర్నబ్యూలో ఇంకో పెద్ద బొమ్మ ఎత్తారు. లిస్బన్, మిలాన్ ఫైనల్స్ గుర్తుచేస్తూ, ఎలా ఉంటుందో చెప్పండి అని రాశారు. 2014 లిస్బన్‌లో మేం కప్పుకు రెండు నిమిషాల దూరంలో ఉండగా రామోస్ తలతో కొట్టి సమం చేశాడు, ఆ తర్వాత 4-1. 2016 మిలాన్‌లో మా హువాన్‌ఫ్రాన్ పెనాల్టీ పోస్టుకు తగిలింది. ఎలా ఉంటుందంటే, చెప్తా వినండి. లిస్బన్ మ్యాచ్ నేను లైవ్‌లో చూడలేదు, తర్వాత యూట్యూబ్‌లో చూశాను. ఫలితం తెలుసు. అయినా మోద్రిచ్ కార్నర్ కొట్టడానికి బంతి పెడుతుంటే, ఈసారి ఎవడో ఒకడు తలతో బయటికి కొట్టేస్తాడేమోనని ప్రతిసారీ చూస్తాను. మీలో ఒకతను రామోస్ గోల్ పడ్డ సమయం 92:48 అని బండి నంబరు ప్లేటు పక్కన స్టిక్కర్ వేయించుకున్నాడు. దేవరకొండ రోడ్డులో సిగ్నల్ పడ్డప్పుడల్లా సరిగ్గా నా ముందే ఆగుతాడు.

ఆ 2017 బొమ్మకు వారం తర్వాత మా వాళ్లు అప్పటి మా కాల్డెరాన్ స్టేడియంలో జవాబిచ్చారు. మీలా లేనందుకు మాకు గర్వం అని. ఆ రోజు 2-1తో గెలిచాం కూడా, కానీ మొదటి మ్యాచ్‌లో 3-0 తిన్నాం కాబట్టి ఇంటికే పోయాం. ఆ జవాబులోనూ కాస్త పొగరు లేకపోలేదనుకోండి.

1976లో రాబర్ట్ సియాల్డినీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించాడు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చేవాళ్లు పెరిగేవారట. (వాళ్ల ఫుట్‌బాల్ వేరులెండి, చేత్తో ఆడేది.) గెలిస్తే మేం గెలిచాం, ఓడితే వాళ్లు ఓడారు. దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 2025 మార్చిలో మాకు 15 పంపినవాళ్లే, ఏప్రిల్ 8న లండన్‌లో ఆర్సెనల్ ఆటగాడు డెక్లాన్ రైస్ రెండు ఫ్రీ కిక్కులు నేరుగా గోల్‌లో పెడితే మాయమయ్యారు. రెండు మ్యాచ్‌లూ కలిపి 5-1. ఆ వారమంతా మీ స్టేటస్‌లలో ఐపీఎల్ స్కోర్లు, హనుమాన్ శోభాయాత్ర, ఎవరో మామయ్య గృహప్రవేశం.

డబ్బు సంగతి ఎక్కువ మాట్లాడను. 2023-24లో 100 కోట్ల యూరోల ఆదాయం దాటిన మొదటి ఫుట్‌బాల్ క్లబ్బు మీది. దానికి మీరేం చేస్తారు, నేనేం చేస్తాను.

మీలో అందరూ ఇంతేనని అనను. మీకు తెలిసిన ఒక స్కూలు సార్ ఉన్నాడు, రౌల్ ఆడే రోజుల నుంచి రియల్ చూస్తున్నాడు. 2005 నుంచి 2010 దాకా వరసగా ఆరేళ్లు మీ జట్టు చాంపియన్స్ లీగ్‌లో ఆఖరి పదహారు దగ్గరే ఇంటికొచ్చింది. అందులో 2009లో లివర్‌పూల్ రెండు మ్యాచ్‌లూ కలిపి 5-0తో పంపింది. 2009 అక్టోబరులో అల్కోర్కాన్ అనే మూడో అంచె జట్టు కోపా డెల్ రేలో మిమ్మల్ని 4-0తో కొట్టింది. ఆ పేరు ఎత్తితే సార్ ముఖం ఇప్పటికీ మాడిపోతుంది. మీలో చాలామంది అల్కోర్కాన్ అంటే మందు బిళ్ల అనుకుంటారు. సార్‌తో నేను గంటలు గంటలు కొట్లాడతాను, ఒక్కసారి కూడా మనసు నొచ్చుకోలేదు. అల్వారెజ్ పెనాల్టీ గురించి, "అది మళ్లీ కొట్టియ్యాలె, అట్ల గెలిస్తే నాకు సుఖమనిపియ్యలే" అని ఐఎఫ్ఏబీ కంటే ముందే అన్నాడు.

మీరంటే పడకపోవడానికి కూడా ఒక హద్దుంది. 2023 జనవరిలో మాడ్రిడ్‌లో డెర్బీకి ముందు వినీసియస్ జెర్సీ తొడిగిన బొమ్మను వంతెనకు ఉరివేసినట్టు వేలాడదీశారు. అది మా క్లబ్బు పేరు చెప్పుకునేవాళ్ల పనే. దాన్ని అభిమానం అనడానికి వీల్లేదు, నేరం అది. కోర్టూ అదే చెప్పింది. వినీసియస్ మీద కోతి బొమ్మ పెట్టిన ఒకతన్ని మా వాట్సాప్ గ్రూపులోంచి ఆ నిమిషమే తీసేశాం. అతనిప్పుడు మీ గ్రూపులో ఉన్నాడని విన్నాను. మీరూ తీసేయండి.

ఇంకొకటి, ఇది కొంచెం గట్టిగానే అడుగుతాను. గెలిచే జట్టంటేనే ఇష్టమంటారు కదా. రియల్ 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు యూరోపియన్ కప్పులు కొట్టిందని మీరు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. దానికంటే ముందే, 1950 నుంచి 1954 దాకా, బొంబాయి రోవర్స్ కప్పు వరసగా ఐదుసార్లు గెలిచిన జట్టు మన దగ్గరుంది: హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు తెచ్చాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. సిటీ పోలీస్ ఎదురొస్తోందంటే ఆనాటి కలకత్తా, బొంబాయి అభిమానులకు మన వాళ్లు ఎలా కనబడి ఉంటారో నేను ఊహించగలను. ఇవాళ నేను మిమ్మల్ని చూసినట్టే చూసి ఉంటారు.

పాత ముచ్చట వదిలేయండి. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ఫైనల్ ఆడింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. వాళ్ల సొంత గ్రౌండు గచ్చిబౌలి ఇక్కడి నుంచి బస్సెక్కితే మూడు గంటల దారి. గెలిచే జట్టు కావాలనుకున్న మీలో ఎంతమంది అక్కడికి పోయారు? తర్వాత డబ్బుల్లేక, జీతాలు ఇవ్వలేక, ఆటగాళ్లు పోయి, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఆ వారం మీ స్టేటస్‌లలో ఎంబాపె ఉన్నాడు. మా వాళ్ల స్టేటస్‌లలోనూ గొప్పగా ఏం లేదులెండి, కానీ మేం గెలుపు కోసమే జట్టును ఎంచుకున్నామని ఎన్నడూ చెప్పలేదు.

వచ్చే డెర్బీకి పైగది మళ్లీ అడిగాను, మిత్రుడు సరేనన్నాడు. ఈసారి మీరూ రండి. మెసేజ్‌లు పంపడం తేలిక, వచ్చి పక్కన కూర్చుని తొంభై నిమిషాలు చూడండి. నాకు మూడు షరతులున్నాయి. కింది పోర్షన్‌లో పరీక్షలుంటే నోట్లో టవల్ మీకూ తప్పదు. 92:48 స్టిక్కర్ తమ్ముడు బండిని సందు చివర పెట్టి నడిచి రావాలి. మ్యాచ్ పెనాల్టీల దాకా పోతే, ఆఖరి పెనాల్టీ లెక్క తెర మీద ఖాయమయ్యేదాకా ఎవరూ ఫోన్ తీయకూడదు. ప్రొజెక్టర్ అద్దెలో సగం మేం కడతాం. తెల్లారి టిఫిన్ ఖర్చు గెలిచినవాళ్లది, ఓడినవాళ్లు రెండు ప్లేట్లు తిన్నా ఏమనకూడదు. స్కూలు సార్‌కు ముందు వరసలో కుర్చీ ఇప్పటికే చెప్పి పెట్టాను.

ఇట్లు,
నల్లగొండలో ఉండే మీ అట్లెటికో అన్న